ఏ పోగు మీద? బట్టకు రంగు పట్టే తీరు

మా మేనమామ ధర్మవరంలో పట్టుకు రంగులు వేస్తాడు. నలభై ఏళ్లుగా అదే పని. ఇంటికి వచ్చే చుట్టాలు, చీరలు కొనడానికి ఊళ్లోకి వచ్చి ఆయన్ను తోడు పిలుచుకుపోయేవాళ్లు ఈ మధ్య ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. "ఇది కెమికల్ రంగా, న్యాచురల్ రంగా?" ఆయన నేరుగా జవాబు చెప్పడు. "ఏ పోగు మీద?" అని ఎదురు అడుగుతాడు. అడిగినవాళ్లకు మాట దాటేసినట్టు అనిపిస్తుంది. చిన్నప్పుడు నాకూ అట్లాగే అనిపించేది. డిగ్రీలో కెమిస్ట్రీ చదివి, మళ్లీ పోయి ఆయన తొట్టి పక్కన కూర్చున్నాక అర్థమైంది, అద్దకం గురించి ముందు అడగాల్సింది అదేనని.

రంగు గట్టిదా, కచ్చాదా అన్నది ఆ రంగును మాత్రమే చూసి చెప్పలేం. రంగుకూ పోగుకూ మధ్య ఎలాంటి పట్టు కుదిరిందో చూసి చెప్పాలి. చెట్ల నుంచి తీసిన రంగుల్లో వారంలో వెలిసిపోయేవి ఉన్నాయి, మ్యూజియాల్లో మూడు వందల ఏళ్లుగా నిలిచినవీ ఉన్నాయి. ఫ్యాక్టరీ రంగుల్లోనూ ఈ రెండు రకాలూ ఉన్నాయి. అందుకే "చెట్టుదా, ఫ్యాక్టరీదా" అనే ఒక్క ప్రశ్నతో చీర కొంటే మోసపోవడానికి చాలా వీలుంది. నేను మోసపోయాను కూడా, ఆ సంగతి తర్వాత చెప్తాను.

అందరి ఇళ్లలో ఉండే పసుపుతో మొదలుపెడదాం. తెల్ల నూలుబట్టను వేడి పసుపు నీళ్లలో ముంచి తీస్తే చాలు, పచ్చగా పట్టేస్తుంది. ఇంకేమీ కలపక్కర్లేదు. పసుపులోని కుర్కుమిన్ అనే పదార్థం నూలుకూ, పట్టుకూ, ఉన్నికీ తనంతట తానే అంటుకుంటుంది. సబ్బు తగిలితే మాత్రం ఎర్రబడుతుంది. సబ్బులో ఉన్న క్షారం చేసే పని అది. పెళ్లిళ్లలో పసుపులో సున్నం కలిపి పారాణి చేసేది ఈ గుణంతోనే. ఇక కూర ఒలికిన చీరను మన అమ్మలు ఏం చేస్తారు? ఉతికి ఎండలో ఆరేస్తారు. రెండు మూడు ఎండలకు మరక మాయమవుతుంది. సబ్బుతో ఎంత రుద్దినా పోని పసుపు ఎండకు పోతుంది, ఎందుకంటే వెలుతురు కుర్కుమిన్‌ను విరగ్గొడుతుంది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఉతుకుడుకు ఓర్చుకోవడం వేరు, ఎండకు ఓర్చుకోవడం వేరు. రుద్దుడుకు, చెమటకు ఓర్చుకోవడం మళ్లీ వేరు. పరీక్షశాలల్లో ఉతుకుడుకు 1 నుంచి 5 దాకా, వెలుతురుకు 1 నుంచి 8 దాకా విడివిడిగా మార్కులు వేస్తారు. పసుపుకు వెలుతురు పరీక్షలో వచ్చేది ఒకటో రెండో. "ఈ రంగు పోదండీ" అని దుకాణంలో ఎవరైనా అంటే, దేనికి పోదు అని అడగాలి.

పట్టు, పత్తి

పట్టూ పత్తీ చూడటానికి రెండూ దారాలే. లోపల మాత్రం ఒకదానికొకటి పోలికే లేదు. పట్టు పురుగు ఒంటి నుంచి వచ్చింది, అది ప్రొటీన్. పత్తి చెట్టు కాయ నుంచి వచ్చింది, అది సెల్యులోజ్. ఈ తేడా తెలియకపోతే అద్దకంలో ఏదీ అర్థం కాదు.

పట్టు ప్రొటీన్‌లో అమైన్ గుంపులు ఉంటాయి. నీళ్లలో కాస్త పులుపు, అంటే ఆమ్లం, కలిపితే అవి ధనావేశం తెచ్చుకుంటాయి. యాసిడ్ రంగులనే రకం రంగుల అణువులకు ఋణావేశం ఉంటుంది. ఇక చెప్పేదేముంది, ఒకదాన్నొకటి లాక్కుంటాయి. యాసిడ్ రంగు అంటే చర్మాన్ని కాల్చే యాసిడ్ అనుకుని భయపడేవాళ్లున్నారు. పులుపు నీళ్లలో పట్టే రంగు అని మాత్రమే ఆ పేరుకు అర్థం. పత్తిలో ఈ అమైన్ గుంపులు లేవు. అదే తొట్టిలో అదే రంగులో ఒక నూలు పోగునూ ఒక పట్టు పోగునూ వేసి చూడండి. పట్టు రంగంతా తాగేస్తుంది. నూలు పైపైన తడిసి, మంచినీళ్లలో జాడించగానే తెల్లబడుతుంది.

మామ పని ఇట్లా సాగుతుంది. ముడిపట్టు మీద సెరిసిన్ అనే జిగురు ఉంటుంది. అది ఉన్నంతసేపు పట్టు బిరుసుగా, మాసినట్టు ఉంటుంది, రంగు సమంగా పట్టదు. సబ్బు, సోడా వేసి ఉడకబెట్టి ఆ జిగురు తీసేస్తారు. కిలో ముడిపట్టు ఉడికి బయటికి వచ్చేసరికి 750 నుంచి 800 గ్రాములే మిగులుతుంది. పట్టు ధర తెలిసినవాళ్లకు ఈ తరుగు ఎంత బరువో తెలుసు. తర్వాత చిలపలను, అంటే దారపు కట్టలను, కర్రలకు తగిలించి రంగు తొట్టిలో వేలాడదీస్తారు. లేత రంగుకు కిలో పట్టుకు ఐదు గ్రాముల పొడి చాలు, ముదురు మెరూన్‌కు 30, 40 గ్రాములు పడుతుంది. నీళ్లను మెల్లగా 80, 90 డిగ్రీల దాకా వేడి చేస్తూ చిలపలను తిప్పుతూనే ఉండాలి. ఎసిటిక్ యాసిడ్‌ను ఒక్కసారిగా పోయకూడదు. పోస్తే రంగు పరుగెత్తుకొచ్చి పైన ఉన్న పోగుల మీద పడుతుంది, లోపలి పోగులు లేతగా ఉండిపోతాయి. ఆ మచ్చలను ఇక సరిదిద్దలేం, ఇంకా ముదురు రంగు వేసి కప్పిపెట్టడం తప్ప.

ఒకసారి నేను తొందరపడి "అయిపోయిందా మామా?" అన్నాను.

"పట్టును చూడొద్దురా, నీళ్లను చూడు. నీళ్లు తేటపడాల."

నిజంగానే, ముప్పావు గంటకు తొట్టిలో నీళ్లు దాదాపు తేటగా మారాయి. రంగంతా పట్టులోకి వెళ్లిపోయింది. అద్దకం బాగా కుదిరిందనడానికి ఇంతకన్నా మంచి గుర్తు లేదు. నీళ్లలో మిగిలిన రంగు ఎంతో, పోగుకు పట్టని రంగు అంత.

ధర్మవరం చీరల్లో ఒక కోణం నుంచి ఎరుపుగా, ఇంకో కోణం నుంచి ఆకుపచ్చగా మెరిసే కలనేతలు ఉంటాయి కదా. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు. అందుకే ఇక్కడ బట్టకు కాకుండా దారానికే ముందు రంగు వేస్తారు. ధర్మవరం 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లినా, మాకు ఇంకా నోటికి అనంతపురం జిల్లా అనే వస్తుంది. ఆ జిల్లా పేరు చెప్పగానే ఇంకో పంట కూడా గుర్తుకొస్తుంది, దానిమ్మ. చెట్టు రంగుల సంగతి దాని తొక్కతోనే చెప్పాలి.

దానిమ్మ తొక్క, పటిక, తుప్పు

పసుపులా తనంతట తాను అంటుకునే చెట్టు రంగులు కొద్దే. ఎక్కువ వాటికి మధ్యవర్తి కావాలి. ఒక చేత్తో పోగును, ఇంకో చేత్తో రంగును పట్టుకునే లోహపు ఉప్పు అది. ఇంగ్లీషులో మార్డెంట్ అంటారు, 'కరుచుకునేది' అని అర్థమిచ్చే ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. మన దగ్గర వందల ఏళ్లుగా వాడుతున్నవి పటిక, అన్నభేది. పటికలో అల్యూమినియం ఉంటుంది, అన్నభేదిలో ఇనుము ఉంటుంది.

పట్టుకూ ఉన్నికీ పటిక సులభంగా అంటుకుంటుంది. పత్తి అంత సులభంగా లొంగదు. అందుకే నూలుబట్టకు ముందు కరక్కాయ నీళ్లు పట్టిస్తారు. కరక్కాయలో టానిన్ అనే వగరు పదార్థం మెండుగా ఉంటుంది, అది పత్తికి అంటుకుని, పటికకు నిలబడే చోటు ఇస్తుంది. కలంకారీ బట్టను మొదట కరక్కాయ, గేదెపాల ద్రావణంలో ముంచి ఆరబెట్టేది ఇందుకే. టానిన్ రంగుకు పునాది వేస్తుంది, పాలలోని కొవ్వు గీసిన రంగు పక్కకు పాకకుండా ఆపుతుంది.

ఇంట్లో చేసి చూడాలనుకునేవాళ్లకు లెక్క చెప్తాను. 100 గ్రాముల తెల్ల నూలుబట్ట తీసుకోండి. కొత్త బట్టయితే గంజి, పత్తిలోని మైనం పోయేలా సోడా, సబ్బు వేసి గంటసేపు ఉడకబెట్టండి. ఈ పని ఎగ్గొట్టినవాళ్లే ఎక్కువమంది, తర్వాత రంగు మచ్చలు పడిందని బాధపడేదీ వాళ్లే. నీటిచుక్క బట్ట మీద వేస్తే వెంటనే ఇంకిపోవాలి, అప్పుడే బట్ట సిద్ధమైనట్టు. తర్వాత 15, 20 గ్రాముల కరక్కాయ పొడి నానిన నీళ్లలో కొన్ని గంటలు ఉంచి, పిండి ఆరబెట్టండి. ఆపైన 15, 20 గ్రాముల పటిక కరిగిన వేడి నీళ్లలో రాత్రంతా నాననివ్వండి. ఎండిన దానిమ్మ తొక్కలు 50 నుంచి 100 గ్రాములు గంటసేపు ఉడికించి వడకట్టి, ఆ రసంలో బట్ట వేసి సన్నటి మంట మీద ముప్పావు గంట తిప్పుతూ ఉండండి. బంగారు పసుపు రంగు వస్తుంది, పసుపు కొమ్ము ఇచ్చే పసుపు కన్నా ఎండకు ఎంతో మేలైన రంగు.

ఇప్పుడు ఆ బట్టలో సగం చించి, రెండు గ్రాముల అన్నభేది కరిగించిన నీళ్లలో ఐదు నిమిషాలు ముంచండి. చూస్తుండగానే పసుపు పోయి ముదురు బూడిద, ఆకుపచ్చ కలిసిన రంగులోకి మారుతుంది. తొక్క అదే, బట్టా అదే. మధ్యలో చెయ్యి పట్టుకున్న లోహం మారింది, రంగు మారింది. మొదటిసారి ఇది చూసినప్పుడు నాకు కలిగిన ఆనందం ఏ ల్యాబ్ ప్రయోగంలోనూ కలగలేదు. అన్నభేదిని ఎక్కువ వేస్తే మాత్రం పోగు పెళుసెక్కి, కొన్నేళ్లకు బట్ట అక్కడే చిరుగుతుంది. పాత కలంకారీల్లో నల్ల గీతలున్న చోటే ముందు చిరుగులు పడటానికి కారణం ఇనుమే. తుప్పుపట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో పులియబెట్టి ఆ నలుపు చేస్తారు.

కర్నూలు ఉల్లి మార్కెట్‌లో రాలిపడే ఉల్లిపొట్టు కూడా ఇట్లాంటిదే. పటికతో తేనె పసుపు, ఇనుముతో ముదురు ఆకుపచ్చ. ఎవరూ ఏరుకోని ఆ పొట్టులో ఇంత రంగు ఉందని తెలిస్తే దాన్ని తొక్కుకుంటూ నడవబుద్ధి కాదు.

ఎరుపు కథ ఇంకా లోతైనది. తెలుగుదేశపు తీరంలో చిరివేరు, లోపలి ప్రాంతాల్లో తొగరు చెట్టు వేరు, మంజిష్ఠ వాడేవారు. ఎరుపును మనవాళ్లు తొగరు అని కూడా అన్నారు. చిరివేరులో అలిజరిన్ అనే పదార్థం ఉంది. పటికతో కలిసి అది ఎర్రబడుతుంది, నీళ్లలో కాల్షియం కూడా ఉంటే ఆ ఎరుపు మరింత నిండుగా, గట్టిగా వస్తుంది. ఈ సంగతి మన బోరు నీళ్ల దగ్గర మళ్లీ పనికొస్తుంది.

కడప నీలి

నీలిమందు ఈ లెక్కలకు దేనికీ లొంగదు. దానికి పటిక అక్కర్లేదు, కరక్కాయా అక్కర్లేదు. అసలది నీళ్లలో కరగదు. కరగని రంగు పోగు లోపలికి ఎలా వెళ్తుంది?

19వ శతాబ్దంలో మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఎగుమతైన నీలిమందులో కడప సరుకుకు పేరుండేది. కడప, కర్నూలు ప్రాంతాల్లో రైతులు నీలి పండించి, ఊళ్ల దగ్గరే తొట్లు కట్టి నీలి ఉండలు చేసేవారు. ఆకును నీళ్లలో నానబెడితే ఒక రాత్రిలో పులుస్తుంది. ఆకులోని ఇండికాన్ అనే పదార్థం విడిపోయి ఆకుపచ్చని ద్రవం తయారవుతుంది. దాన్ని కొన్ని గంటలు కర్రలతో చిలుకుతారు. గాలి తగిలేకొద్దీ నీలిరేణువులు పుట్టి అడుక్కి చేరతాయి. వాటిని కాచి, వడకట్టి, నొక్కి, ముక్కలు కోసి ఆరబెడతారు. వందల కిలోల పచ్చి ఆకుకు చేతికొచ్చేది కిలో రెండు కిలోలే.

రంగు వేసేటప్పుడు ఈ పనిని తిరగేయాలి. నీలితొట్టిలో గాలి లేకుండా, అంటే ఆక్సిజన్ తీసేసి, క్షారపు నీళ్లలో నీలిని కరిగే రూపంలోకి మార్చాలి. దక్షిణాదిలో అద్దకపువాళ్లు దీనికి సున్నం వేసి, తగిరిస గింజలు ఉడికించి కలిపి పులియబెట్టేవారు. ఆ పులుపుడులోని సూక్ష్మజీవులు ఆక్సిజన్ లాగేస్తాయి. సిద్ధమైన తొట్టి పైన నురగ నీలంగా ఉన్నా లోపలి ద్రవం ఆకుపచ్చగా ఉంటుంది. అందులో ముంచి తీసిన బట్ట కూడా ఆకుపచ్చగానే బయటికి వస్తుంది. గాలి తగలగానే, మనం చూస్తుండగానే, అంచుల నుంచి నీలం పాకుతుంది. పోగు లోపలికి కరిగి వెళ్లిన రంగు లోపలే మళ్లీ కరగని నీలంగా మారి చిక్కుకుపోతుంది. అందుకే నీలి ఉతుకుడుకు పోదు. పోగుతో బంధం లేదు కాబట్టి గట్టిగా రుద్దితే మాత్రం రాలుతుంది. జీన్స్ ప్యాంటు మోకాళ్ల దగ్గర తెల్లబడేది ఇందుకే.

పులిసే తొట్టి ఎప్పుడు బాగుంటుందో, ఎప్పుడు చెడుతుందో అంత సులభంగా తెలియదు. చలి ఎక్కువైనా, సున్నం తక్కువైనా చెడిపోతుంది. చెడిన తొట్టి బాగుపడాలంటే ఊళ్లో ఒక వింత పుకారు పుట్టించాలని ఉత్తరాది అద్దకపువాళ్లలో నమ్మకం ఉండేది. మన భాషలోనూ అబద్ధపు కబురుకు నీలివార్త అనే మాట ఉంది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు తొట్టి పక్కన కూర్చుని ఎదురుచూస్తున్న మనిషి గుర్తుకొస్తాడు.

నీలి అణువు రూపాన్ని జర్మన్ శాస్త్రవేత్త అడాల్ఫ్ ఫాన్ బేయర్ 1883 నాటికి తేల్చాడు. 1897లో బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీ ఫ్యాక్టరీ నీలిని మార్కెట్‌లోకి తెచ్చింది. కొన్నేళ్లలోనే మన నీలి వ్యాపారం కుప్పకూలింది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ సరుకు ఆగిపోయినప్పుడు కొంత ఊపిరి పోసుకుంది కానీ నిలబడలేదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఇక్కడే ఉంది. ఫ్యాక్టరీలో పుట్టిన నీలి అణువూ కడప తోటలో పుట్టిన నీలి అణువూ ఒకటే. తోట నీలిలో కొంచెం ఇండిరుబిన్ అనే ఎర్రని పదార్థం, ఆకు మిగులు ఉంటాయి. వాటివల్ల రంగులో ఒక చిన్న ఛాయాభేదం వస్తుందేమో గానీ, పోగును పట్టుకునే పద్ధతిలో తేడా లేదు. తేడా ఉన్నది దాన్ని పండించిన రైతు విషయంలో, ఇప్పటి తొట్టిలో ఆక్సిజన్ లాగేయడానికి వేసే హైడ్రోస్ పొడి, కాస్టిక్ సోడా విషయంలో, బయటికి వదిలే నీళ్ల విషయంలో. అలిజరిన్ విషయమూ అంతే. 1869లో ఫ్యాక్టరీలో తయారుచేసే దారి తెలిశాక, చిరివేరు తవ్వకుండానే ఆ ఎరుపు పొడిగా దొరకసాగింది. అలిజరిన్ పొడితో, పటికతో అద్దిన బట్టను న్యాచురల్ అనాలా, కెమికల్ అనాలా? నేనైతే ఆ రెండు మాటలనూ పక్కనపెట్టి, ఏం వాడారో ఉన్నదున్నట్టు చెప్పమంటాను.

నూలుకు ఫ్యాక్టరీ రంగు కోసం వెతుకులాట

1856లో లండన్‌లో 18 ఏళ్ల విలియం పెర్కిన్ మలేరియా మందు క్వినైన్ తయారుచేయబోయి, బొగ్గు తారు నుంచి ఊదారంగు తీశాడు. పట్టుకు అది అద్భుతంగా పట్టింది. పత్తితోనే చిక్కు వచ్చింది. 1884లో వచ్చిన కాంగో రెడ్ పటిక లేకుండా నూలుకు నేరుగా పట్టిన మొదటి ఫ్యాక్టరీ రంగుల్లో ఒకటి. ఇట్లాంటివాటిని డైరెక్ట్ రంగులంటారు. చౌక, సులభం. వేడి నీళ్లు, ఉప్పు ఉంటే చాలు. కానీ పోగును బలహీనంగా పట్టుకుంటాయి కాబట్టి ప్రతి ఉతుకుడుకూ కాస్త దిగుతూనే ఉంటాయి.

1901లో నీలిలాగే కరగని రూపంలో పోగులో చిక్కుకునే కొత్త రంగులు వచ్చాయి. వీటిని వ్యాట్ రంగులంటారు. తువ్వాళ్లు, దుప్పట్ల లాంటి రోజూ ఉతికే సరుకుకు ఇవి సరిపోతాయి. కర్నూలు జిల్లా ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో మొదలుపెట్టిన నేతగాళ్ల సహకార సంఘం గురించి ఈ ప్రాంతంలో తెలియనివాళ్లు తక్కువ. అక్కడ నేసే నూలు సరుకు లాంటిదానికి ఉతుకుడుకు నిలవడమే అసలు పరీక్ష.

చివరికి 1956లో ఇంగ్లండ్‌లో ఐ.సి.ఐ. కంపెనీ రియాక్టివ్ రంగులను అమ్మకానికి తెచ్చింది. ఇవి పత్తిలోని సెల్యులోజ్‌తో నిజంగానే రసాయనిక బంధం కట్టుకుంటాయి, పోగులో భాగమైపోతాయి. ముందు ఉప్పు వేసి రంగును పోగు దగ్గరికి తోస్తారు, తర్వాత సోడా వేసి బంధం కుదురుస్తారు. ఇంతకన్నా గట్టి పట్టు అద్దకంలో ఇంకోటి లేదు. అయితే ఆ రంగు నీళ్లతో కూడా బంధం కట్టుకుంటుంది. వేసిన రంగులో 60 నుంచి 80 శాతమే పోగుకు పడుతుంది. మిగిలింది నీళ్లతో కలిసి చచ్చిన రంగవుతుంది. అది పోగు మీద పేరుకుని ఉంటుంది, దేనికీ అంటుకోదు. మరిగే సబ్బునీళ్లలో దాన్ని కడిగేయాలి. ఆ ఒక్క ఉడుకు ఎగ్గొడితే, ఎంత మంచి రియాక్టివ్ రంగు అయినా బకెట్‌లో దిగుతుంది.

ఇప్పుడు నా చీర సంగతి. కొన్నేళ్ల కిందట కర్నూలులో ఒక ప్రదర్శనలో మెరూన్ నూలు చీర కొన్నాను. ఆకులతో, వేళ్లతో వేసిన రంగని అమ్మినవాళ్లు చెప్పారు. ధర కూడా దానికి తగ్గట్టే ఉంది. మొదటి ఉతుకులోనే పాప స్కూలు చొక్కా గులాబీ రంగుకు మారింది. రెండో ఉతుకులోనూ నీళ్లు ఎర్రగానే వచ్చాయి. మామ దగ్గరికి తీసుకుపోయాను. ఆయన ఒక తెల్ల గుడ్డ తడిపి చీర కొంగు మీద పదిసార్లు రుద్దాడు. గుడ్డ ఎర్రబడింది.

"అమ్మినోళ్లు ఏమన్న చెప్పనీ. ఇది డైరెక్ట్ రంగన్నా అయ్యుండాల, లేకుంటే సబ్బు ఉడుకన్నా పెట్టకుండా ఉండాల," అన్నాడు.

"ఉప్పునీళ్లలో నానబెడితే ఆగుతుంది కదా మామా?"

"నానినంతసేపు ఆగుతాది."

నిజమే. మనలో చాలామంది కొత్త బట్టను మొదట ఉప్పునీళ్లలో నానబెడతాం. ఉప్పు ఉన్నంతసేపు రంగు నీళ్లలోకి రావడానికి జంకుతుంది, అంతే. కొత్త బంధమేమీ పుట్టదు. నూలుకు వెనిగర్ పోయడం వల్ల కూడా ఒరిగేదేమీ లేదు. పట్టు చీరకు మాత్రం కాస్త పులుపు మేలే చేస్తుంది, వేడి నీళ్లు, ఘాటు డిటర్జెంట్ కీడు చేస్తాయి. పట్టు రంగు పులుపులో పట్టింది కాబట్టి క్షారంలో వదులవుతుంది.

అందుకే కొనేముందు తెల్ల జేబురుమాలు తడిపి రుద్ది చూడమని అందరికీ చెప్తుంటాను. మంచి సరుకు అమ్మేవాళ్లు దానికి కోపం తెచ్చుకోరు. ఎండ పరీక్షకు చీర నుంచి ఒక చిన్న ముక్క దొరికితే, సగం అట్టతో కప్పి అనంతపురం ఎండలో మిద్దె మీద పది రోజులు ఉంచితే సరిపోతుంది.

తొట్టిలో మిగిలిన నీళ్లు

ఆరోగ్యం గురించి చాలా భయాలు ప్రచారంలో ఉన్నాయి. వాటిలో కొన్ని నిజం. నేను చెప్పిన కాంగో రెడ్ బెంజిడీన్ అనే పదార్థంతో తయారవుతుంది. బెంజిడీన్ మూత్రాశయ క్యాన్సర్ తెస్తుంది, రంగు ఫ్యాక్టరీల కార్మికుల్లో అది బయటపడింది. అజో అనే రకం ఫ్యాక్టరీ రంగుల్లో కొన్ని విరిగి ఇట్లాంటి పదార్థాలను విడుదల చేస్తాయి. అందుకే 1990ల్లో మన దేశం బెంజిడీన్ ఆధారమైన 42 రంగులను, తర్వాత ఇంకో 70 అజో రంగులను నిషేధించింది. అజో రంగులన్నీ విషం కావు, నిషేధించినవి మాత్రం ఏ తొట్టిలోనూ ఉండకూడదు. చెట్టు రంగు వేసేవాళ్లూ ధీమాగా ఉండటానికి లేదు. పటిక, కొద్దిపాటి ఇనుము పరవాలేదు. రంగు మెరవాలని క్రోమియం ఉప్పు, అంటే పొటాషియం డైక్రోమేట్, వాడితే అది ఆకుల రంగైనా విషమే.

కట్టుకునేవాళ్ల కన్నా ముందు ఆలోచించాల్సింది వేసేవాళ్ల గురించి. మామ చేతులు మోచేతుల దాకా ఆ రోజు తొట్టిలో ఉన్న రంగులోనే ఉంటాయి. పొడి తూచేటప్పుడు గాలిలోకి లేచేది ఆయన ముక్కులోకే పోతుంది. చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ కట్టుకోమని పోరి పోరి ఈ మధ్యే ఒప్పించాను. నలభై ఏళ్ల కిందటే ఎవరో ఒకరు చెప్పి ఉండాల్సిన మాట అది. చెప్పలేదని నాకు ఇప్పటికీ కోపం.

ఇక నీళ్లు. అనంతపురంలో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. ఈ నేలలో అద్దకం అంటే నీటి లెక్క. ముదురు రియాక్టివ్ రంగుకు లీటరు నీళ్లకు 60 గ్రాముల ఉప్పు వేస్తే, కిలో నూలుకు 20 లీటర్ల చొప్పున కిలోకు పైగా ఉప్పు తొట్టిలో ఉంటుంది. రంగులో ఎక్కువ భాగం పోగుకు పడుతుంది, ఉప్పు మొత్తం మురుగులోకి పోతుంది. రంగునైనా సున్నం, పటిక వేసి పేరబెట్టి కొంతవరకు తీయొచ్చు గానీ, కరిగిన ఉప్పును తీయడం చాలా ఖర్చు. అది భూమిలోకి దిగితే పొలం చౌడుబారుతుంది. పట్టు రంగులో ఈ ఉప్పు బెడద చాలా తక్కువ, అది ధర్మవరానికి కాస్త ఊరట. చెట్టు రంగులకూ నీళ్లు తక్కువేమీ పట్టవు. పునాదికి ఒక తొట్టి, పటికకు ఒక తొట్టి, రంగుకు ఒకటి, మధ్యలో జాడింపులు. పైగా కిలో బట్టకు కిలో దాకా తొక్కలు కావాలి. ఊరి మొత్తానికి అట్లా అద్దాలంటే అంత తొక్క, అంత కట్టెలు ఎక్కడి నుంచి తేవాలి? నాకు చెట్టు రంగులంటే ప్రాణం. అయినా ఈ లెక్క వేయకుండా "అందరూ పాత పద్ధతికి పోవాలి" అని చెప్పలేను. పారేసే దానిమ్మ తొక్క, ఉల్లిపొట్టు చేరువలో ఉన్నచోట, కొద్ది సరుకుకు అవి చాలా మంచి దారి. రోజూ ఉతికే దుప్పటికి, సబ్బు ఉడుకు సరిగ్గా పెట్టి, మురుగును శుద్ధి చేసే చోట వేసిన ఫ్యాక్టరీ రంగే మేలని నా అభిప్రాయం.

బోరు నీళ్ల మాట ఒకటి మిగిలింది. మా వైపు బోరుల్లో చాలావరకు ఉప్పునీళ్లే, పుస్తకాల్లో కఠినజలం అంటారు. అందులోని కాల్షియం సబ్బును విరగ్గొడుతుంది, ఫ్యాక్టరీ రంగులను మసకబారుస్తుంది. ఇనుము కలిసిన బోరయితే లేత పసుపులు బూడిదబారుతాయి. ఒకే పొడి, ఒకే తూకం వేసినా వీధి మారితే రంగు మారుతుందని మామ అనేది ఇందుకే. చిరివేరు, మంజిష్ఠ ఎరుపులకు మాత్రం ఆ కాల్షియమే బలం. ఒకరికి చెడ్డ నీళ్లు ఇంకొకరికి మంచి నీళ్లు.

పోయిన పెళ్లిళ్ల సీజన్‌లో కదిరి నుంచి ఒకామె వాళ్లమ్మ పెళ్లి చీర పట్టుకుని వచ్చింది. అదే రంగులో కూతురికి చీర నేయించాలంట. మామ చీర విప్పాడు. ఏళ్ల తరబడి మడతలోనే ఉండిపోయిన చోట ముదురు వంకాయ రంగు. వెలుతురు తగిలిన పైమడత మీద మాసిన ద్రాక్షపండు రంగు. రెండూ ఒకప్పుడు ఒకే తొట్టిలోవి.

"ఏ మడత రంగు కావాల తల్లీ?" అన్నాడు.

ఆమె చాలాసేపు రెండు మడతల మీదా చెయ్యి వేసి చూసింది. పైదే కావాలంది, అమ్మ ఒంటి మీద తనకు గుర్తున్నది అదేనంది. మామ మూడు చిన్న చిలపలు విడిగా తీసి, పొడి మూడు తూకాల్లో తూచి, నీళ్లు పొయ్యి మీద పెట్టాడు.